ఎర్త్ గుంతలో రెండు బస్తాల ఉప్పు పోసినా షాక్ ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: మాది ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక పల్లె. పెరట్లో బోరు, దాంట్లో ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉన్నాయి. రెండు నెలలుగా మోటారు నడుస్తున్నప్పుడు బోరు పైపు ముట్టుకుంటే జిల్లుమంటోంది. మొదట మా మామగారు చెబితే ఎవరూ నమ్మలేదు. తర్వాత నాకూ కొట్టింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ పోయిందన్నాడు. కొత్త గుంత తీసి, పైపు దించి, రెండు బస్తాల ఉప్పు, బొగ్గు వేశాడు. బల్బు పెట్టి చూపిస్తే ఫుల్లుగా వెలిగింది. పది రోజులు బాగానే ఉంది. ఎండలు ముదిరాక మళ్లీ మొదలు. ఈసారి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టించాం. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ వేస్తే ఏమీ కాదు, మోటారు వేయగానే పడిపోతోంది. "ఇది మన కరెంటుకు పనికిరాదక్కా" అని దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేశాడు. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. ఎర్త్ ఫాల్ట్ (ఫేజు కరెంటు నేలలోకి దారి మళ్లడం) అంటే వేల ఆంపియర్లు వస్తాయట, అప్పుడు ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్) పడాలట, పడలేదంటే ఎంసీబీయే చెడిపోయిందట. ఎలక్ట్రీషియనేమో కరెంటు భూమిలోకి పోతే భూమి తాగేస్తుంది, గుంత ఇంకా లోతు తీయాలి అంటాడు. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి. పోయిన వానాకాలం ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మా పక్కింటివాళ్ల ఎనుము కరెంటు కొట్టి చచ్చిపోయింది. అదే దారిలో మనుషులు నడిచి పోతూనే ఉన్నారు. దానికే ఎందుకయింది?

సమాధానం:

అమ్మా, మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు లేచి వెళ్లి మోటారు స్విచ్ కట్టేయండి. బోర్డులో మోటారుకున్న ఎంసీబీని కూడా దించేయండి. ఆర్‌సీసీబీ తిరిగి పెట్టించి, అది నిలబడేదాకా నీళ్లు పక్కింటి నుంచి తెచ్చుకోండి. మీ ఉత్తరంలో షాక్ సంగతి కంటే "తప్పించి డైరెక్ట్ ఇచ్చేశాడు" అన్న మాట దగ్గర నాకు భయమేసింది. ఈ రెండు నెలల్లో మీ ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పింది ఆ ఆర్‌సీసీబీ ఒక్కటే. దాన్నే బయటికి పంపేశారు.

నేను కరెంటు శాఖలో రిలేలు (లైన్లో తేడా వస్తే పసిగట్టి కరెంటు ఆపించే పరికరాలు), మీటర్లు పరీక్ష చేసే విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. అన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న తప్పు మాట ఏదంటే, "భూమి తాగేస్తుంది" అనేదే. మీ ఎలక్ట్రీషియన్ ఒక్కడే కాదు, పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు కూడా అంటారు. బోరు నీళ్లయితే సరే, తోటలో పారాయంటే మళ్లీ బోరు మొహం చూడవు, నేల తాగేస్తుంది. కరెంటు అలా కాదు. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫేజు నుంచి బయల్దేరిన కరెంటు మళ్లీ అదే ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు చేరాలి. చేరే దారి లేకపోతే అసలు బయల్దేరదు. మామూలుగా న్యూట్రల్ వైరు మీద తిరిగి వెళ్తుంది. మోటారులో ఇన్సులేషన్ పోయి ఫేజు బాడీకి తగిలిందనుకోండి, అప్పుడు బాడీ నుంచి మీ ఎర్త్ వైరు, అక్కడి నుంచి మీ గుంత, మట్టి, ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న గుంత, దాని న్యూట్రల్, ఇదీ దారి. నేల ఇక్కడ ఒక వైరు చేసే పని చేస్తోంది, అదీ పరమ నాసిరకం వైరు.

ఎంత నాసిరకమో లెక్క వేద్దాం. లెక్క అంటే భయపడకండి, భాగహారం వస్తే చాలు. మామూలుగా వేసే రెండున్నర మీటర్ల జీఐ పైపును ఓ మోస్తరు మట్టిలో దించితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకు పెట్టే అడ్డు, 33 ఓమ్‌ల దాకా వస్తుంది. తడి నల్లరేగడిలో అయితే ఇందులో అయిదో వంతుకు కూడా దిగొచ్చు. మీ వైపు ఎర్రమట్టి, గులకరాళ్లు, ఎండాకాలం అంటే ఇంతకు రెండు మూడింతలు కావచ్చు. సరే, 33 అనే అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ గుంత బాగుంది, 5 ఓమ్‌లు అనుకుందాం. మొత్తం 38. మోటారు వైండింగ్ పూర్తిగా బాడీకి అంటుకుపోయినా సరే, 230 వోల్టులను 38తో భాగిస్తే 6 ఆంపియర్లు.

మీ మోటారుకున్న ఎంసీబీ 16 ఆంపియర్లది అయి ఉంటుంది. దాని కళ్లకు ఈ 6 ఆంపియర్లు ఓ ఇస్త్రీపెట్టెలా కనిపిస్తాయి. అది ఎందుకు పడుతుంది? పడదు. పడకపోవడమే దాని ధర్మం. మీ అబ్బాయి అన్నట్టు చెడిపోలేదు, తన పని తాను సక్రమంగా చేస్తోంది.

ఇప్పుడు ఆ 6 ఆంపియర్లు మీ గుంతలోని 33 ఓమ్‌ల మీదుగా పోతున్నాయి. ఆరును ముప్పై మూడుతో గుణించండి. రెండు వందల వోల్టులు. "బ్రహ్మాండమైన ఎర్తింగ్" ఉన్న మోటారు బాడీ మీద, బోరు పైపు మీద నిలిచి ఉండేది అది. ఎర్తింగ్ తగ్గించింది 230లో 30 మాత్రమే. తడి చేత్తో పైపు పట్టుకుని తడినేల మీద వట్టికాళ్లతో నిలబడిన మనిషి ఒంటి రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్‌లు అనుకుంటే ఒంట్లోంచి పోయేది 200 మిల్లీ ఆంపియర్లు. చేయి వదిలించుకోలేని పరిస్థితి 10, 15 మిల్లీ ఆంపియర్ల దగ్గరే వస్తుంది. 200 మిల్లీ ఆంపియర్లు ఒకట్రెండు సెకన్లు గుండె మీదుగా పోతే ఆ గుండె మళ్లీ లయలో పడటం కష్టం. మీ ఇంట్లో ఇంతదాకా "జిల్లు"తో సరిపోయిందంటే వైండింగ్ ఇంకా పూర్తిగా బాడీకి అంటుకోలేదని, లీకేజీ సగంలోనే ఉందని అర్థం. అది ఏ రోజైనా పూర్తి కావచ్చు. మీ మామగారి మాట ఎవరూ నమ్మలేదన్నారు. ఆయన కాళ్లకు చెప్పులు లేకపోయి ఉంటాయి, మిగతావాళ్లకు ఉండి ఉంటాయి.

ఇక బల్బు సంగతి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య హోల్డరు పెట్టి బల్బు వెలిగించి చూపించడం మన పల్లెల్లో, పట్నాల్లో కూడా, పెద్ద రివాజు. ఫుల్లుగా వెలిగితే ఎర్త్ ఏ వన్. పాత 100 వాట్ల బల్బు రెసిస్టెన్స్ వెలిగేటప్పుడు 530 ఓమ్‌ల దాకా ఉంటుంది. దాని ముందు మీ గుంత 33 ఓమ్‌లు ఒక లెక్కలోవి కావు. బల్బు తీసుకునేది అర ఆంపియరు లోపు, గుంత దగ్గర పోయేది పదిహేను వోల్టుల లోపు. కంటికి ఆ తేడా తెలియనే తెలియదు. గుంత 100 ఓమ్‌లున్నా బల్బు కాస్త మందంగా వెలుగుతుందే తప్ప వెలగకపోదు. ఇప్పుడొచ్చే ఎల్‌ఈడీ బల్బయితే ఇంకా దారుణం, 9 వాట్లు తాగే ఆ బల్బు ఎంత పనికిమాలిన ఎర్త్ మీదైనా దివ్యంగా వెలుగుతుంది. ఎర్త్ వైరు ఎక్కడా తెగలేదు అనే ఒక్క మాటకే ఆ బల్బు సాక్ష్యం. ఎర్త్ ఎంత మంచిదో కొలవాలంటే రెండు మేకులు నేలలో దూరదూరంగా పాతి, ఎర్త్ మెగ్గర్ అనే పరికరంతో చూడాలి.

ఉప్పు మాత్రం పనిచేస్తుంది, అబద్ధం కాదు. ఉప్పునీరు పట్టిన మట్టిలో కరెంటు సులువుగా పోతుంది. అందుకే పది రోజులు మీకు హాయిగా ఉంది. తర్వాత తడి ఆరింది, పని అయిపోయింది. వానలొస్తే ఉప్పు కరిగి కిందికి దిగిపోతుంది, పోతూ పోతూ జీఐ పైపును తినేస్తుంది. అయిదారేళ్ల నాటి గుంత తవ్వి చూస్తే పైపు బయట ఉన్నంత లోపల ఉండదు.

"ఇంకా లోతు తీద్దాం" అంటున్నాడు కదా. తీశాడే అనుకోండి. డబ్బు పోసి, మీ గుంతను కూడా 5 ఓమ్‌లకు దించాడు. మొత్తం 10 ఓమ్‌లు, కరెంటు 23 ఆంపియర్లు. మోటారు బాడీ మీద అప్పుడు కూడా 115 వోల్టులు. మరి 16 ఆంపియర్ల ఎంసీబీ? దానికి ప్రమాణాలు ఏం చెబుతాయంటే, రేటింగ్‌కు 1.13 రెట్లు వస్తే గంటదాకా పడకూడదు, 1.45 రెట్లు వస్తే గంటలోపు పడాలి. మీ 23 ఆంపియర్లు 1.44 రెట్లు. అంటే మనిషి పైపు పట్టుకుని ఉన్నా ఆ ఎంసీబీకి గంట గడువుంది. మామూలుగా వాడే సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ రెప్పపాటులో తప్పకుండా పడాలంటే 160 ఆంపియర్లు రావాలి. 230ని 160తో భాగించండి, ఒకటిన్నర ఓమ్ కూడా లేదు. అందులో మీ గుంత, ట్రాన్స్‌ఫార్మర్ గుంత, మధ్యలో వైర్లు అన్నీ ఇమడాలి. పెరట్లో పైపులు పాతి దాన్ని సాధించడం జరిగే పని కాదు. బావి తవ్వినంత పని చేసినా కాదు.

ఇప్పుడు మీ అబ్బాయి. వాడు చదివినదాంట్లో తప్పు లేదు, చోటు తప్పు. వాడికి ఈ లెక్క ఇవ్వండి: 11 కేవీ (11 వేల వోల్టులు) నుంచి 433 వోల్టులకు దించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపిడెన్స్ (దాని లోపలి అడ్డు) 4.5 శాతం. ఫుల్ లోడ్ కరెంటు 133 ఆంపియర్లు. దాని టెర్మినల్స్ దగ్గరే ఫేజును న్యూట్రల్‌కు గట్టిగా కలిపేస్తే దాదాపు 3,000 ఆంపియర్లు. వేల ఆంపియర్లు అన్నది ఇక్కడ నిజం. ఇప్పుడు అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వీజిల్ కండక్టర్ (స్తంభాల మీద లాగే ఒక రకం తీగ) మీద ఒక కిలోమీటరు దూరం పోయి, అక్కడ ఫేజును న్యూట్రల్‌కు కలపమనండి. పోను ఒక కిలోమీటరు, రాను ఒక కిలోమీటరు, రెండు ఓమ్‌ల దాకా అవుతుంది. కరెంటు 120 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఫుల్ లోడ్ కంటే తక్కువ! ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజుకు అది ఫాల్ట్‌లా కనిపించనే కనిపించదు, సాయంత్రం పూట ఊరి లోడులా కనిపిస్తుంది. ఇక్కడ మట్టి ఊసే లేదు, రెండువైపులా లోహమే. వ్యవసాయ లైన్లలో 11 కేవీని పొలం దాకా తెచ్చి 15, 16, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతికి లాసులు తగ్గడం ఒక కారణమైతే, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైను పొట్టిదయి ఫాల్ట్ కరెంటు ఫ్యూజు కంటికి ఆనేంత రావడం కూడా ఒక లాభం.

హైదరాబాద్‌లో సెల్లార్ పక్కనే సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ పాయింట్ నుంచి ప్యానెల్ దాకా, ప్యానెల్ నుంచి ఫ్లాటు దాకా ఎర్త్ పట్టీలు, వైర్లు లోహంతోనే కలిసి వస్తాయి. మట్టితో పని లేదు. గీజరు బాడీకి ఫేజు తగిలితే వందల ఆంపియర్లు వచ్చి ఎంసీబీ టప్పున పడుతుంది. అదే గీజరు, అదే ఎంసీబీ మీ ఊళ్లో పెడితే పడదు. వస్తువులో తేడా లేదు, తిరుగుదారిలో ఉంది.

వాడి పాఠం సంగతి కూడా ఒక ముక్క. చార్లెస్ ఫోర్టెస్క్యూ అనే ఇంజనీరు 1918లో మూడు ఫేజుల గందరగోళాన్ని పాజిటివ్, నెగటివ్, జీరో సీక్వెన్సులుగా విడగొట్టే పద్ధతి చెప్పాడు. నూరేళ్లు దాటినా సబ్‌స్టేషన్ రిలే సెట్టింగుల లెక్కలు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఒక ఫేజు నేలకు తగిలితే ఫాల్ట్ కరెంటు ఎంతో చెప్పే సూత్రంలో కింద మూడు ఇంపిడెన్సులతో పాటు ఫాల్ట్ దగ్గరి ఇంపిడెన్స్ మూడు రెట్లు అని ఒకటుంటుంది. పరీక్షల్లో దాన్ని సున్నా అనుకోమంటారు, మార్కులు పడతాయి. మీ పెరట్లో అది 38 ఓమ్‌లు. అక్కడ సున్నా బదులు 38 రాసి మళ్లీ వేయమనండి.

మట్టి మీదుగా వచ్చే ఫాల్ట్ కరెంటు ఎప్పుడూ కొంచెమే. ఆ కొంచెం ఎంసీబీని పడగొట్టడానికి చాలదు, మనిషిని చంపడానికి చాలు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోకే ఆర్‌సీసీబీ వస్తుంది. అది ఎన్ని ఆంపియర్లు పోతున్నాయని చూడదు. దానిలో ఒక చిన్న రింగు ఉంటుంది, ఫేజు, న్యూట్రల్ రెండూ దాని మధ్య నుంచే పోతాయి. వెళ్లింది ఎంత, వచ్చింది ఎంత, అంతే దాని లెక్క. 5 ఆంపియర్లు వెళ్లి 5 తిరిగొస్తే దాని జోలికి పోదు. తిరిగొచ్చినదాంట్లో 30 మిల్లీ ఆంపియర్లు తగ్గాయంటే ఎవరో మధ్యలో దారి మళ్లించారని 0.3 సెకను లోపు పడిపోతుంది. 150 మిల్లీ ఆంపియర్లయితే 0.04 సెకను లోపే. మన ఉదాహరణలోని 6 ఆంపియర్లు దాని హద్దుకు 200 రెట్లు.

ఇంకో సుగుణం ఉంది. మీ గుంత 33 కాదు, వెయ్యి ఓమ్‌లున్నా సరే, ఆర్‌సీసీబీ ఉంటే బాడీ మీద 30 వోల్టుల కంటే ఎక్కువ నిలవనివ్వదు, వెయ్యిని 30 మిల్లీ ఆంపియర్లతో గుణించుకోండి. రాయలసీమ ఎర్రనేలకు ఇంతకంటే నప్పే వస్తువు లేదు. దాన్నే "మన కరెంటుకు పనికిరాదు" అనేశారు.

అది మోటారు వేసినప్పుడే ఎందుకు పడింది? లైట్లకు, ఫ్రిజ్‌కు పడలేదంటే వైరింగ్‌లో న్యూట్రల్స్ కలగాపులగం కాలేదన్నమాట. ఆర్‌సీసీబీ ఊరికే పడటానికి ఎక్కువ ఇళ్లలో కారణం అదే, మీకు ఆ బెడద లేదు. మోటారుకే పడుతోందంటే మోటారులోనో దాని కేబుల్‌లోనో 30 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కలో, ఆపైనో కారుతోంది. 230ని ఆ 30తో భాగిస్తే, ఇన్సులేషన్ 7,700 ఓమ్‌ల దరిదాపులకో, ఇంకా కిందికో దిగజారిందని తేలుతుంది. ఉండాల్సింది లక్షల్లో.

నా అనుభవంలో పదింట ఏడెనిమిది సార్లు దొంగ దొరికేది జాయింటులో. మోటారుతో పాటు రెండు మూడు మీటర్ల కేబులే వస్తుంది. దానికి పొడవైన కేబుల్ అతికి బోరులోకి దించుతారు. ఆ అతుకు ఏళ్ల తరబడి నీళ్లలో మునిగి ఉంటుంది. దించే రోజు ఎండ, తొందర, పైన పదిమంది గొలుసు పట్టుకుని నిలబడి "అయిందా" అంటుంటారు. పదిరూపాయల నల్లటేపు నాలుగు చుట్లు చుట్టి దించేస్తారు. బయటికి తీసినప్పుడు చూడండి, టేపు జిగురు కారిపోయి, వేలితో లాగితే అరటితొక్కలా ఊడొస్తుంది. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. రెండో అనుమానం, పైపుకూ కేసింగ్‌కూ మధ్య కేబుల్ ఒరుసుకుపోవడం. మోటారు మొదలైనప్పుడల్లా పైపు ఒక్క కుదుపు కుదిపి, కేసింగ్ అంచుకు కేబుల్‌ను రాస్తుంది. వైండింగే పోవడం మూడో మాట.

కాబట్టి గుంత తవ్వించడం ఆపి ఇలా చేయించండి. ఆర్‌సీసీబీ పెట్టించండి, 30 మిల్లీ ఆంపియర్లదే. షాపుల్లో 100, 300వి కూడా ఉంటాయి, అవి మంటలు రాకుండా చూసేవి, మనిషిని కాపాడేవి కావు. ఎంసీబీని తీయకండి, ఓవర్‌లోడు, షార్టు చూసుకునేది అదే. తర్వాత మెయిన్ ఆపి, ప్యానెల్ డబ్బాలో బోరులోకి పోయే వైర్లన్నీ విప్పించి విడిగా పెట్టించండి. ఇప్పుడు మెయిన్ వేసి, ప్యానెల్ స్విచ్ వేస్తే ఆర్‌సీసీబీ నిలబడాలి. నిలబడితే తప్పు బోరులో ఉన్నట్టే. విప్పిన వైర్లకూ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచేది, పైన చెప్పిన ఎర్త్ మెగ్గర్ కాదు) తిప్పి చూడమనండి. ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) కంటే తక్కువ చూపిస్తే మోటారు పైకి తీయాల్సిందే. పైకి తీశాక జాయింటు కోసేసి, మోటారు ఒక్కదాన్ని, కేబుల్ ఒక్కదాన్ని విడివిడిగా మెగ్గర్ చేస్తే ఏది పోయిందో అక్కడే తేలిపోతుంది. మోటారు బాగుంటే రీవైండింగ్ డబ్బులు మిగిలినట్టే. కొత్త జాయింటు సబ్‌మెర్సిబుల్‌కని దొరికే రబ్బరు టేపుతో లాగి లాగి చుట్టించి, దాని మీద పీవీసీ టేపు వేయించండి. దించే ముందు ఆ అతుకును ఒక బకెట్ నీళ్లలో గంటసేపు ముంచి మళ్లీ మెగ్గర్ చూడమనండి. బకెట్‌లో తప్పిన జాయింటు బోరులో నిలవదు.

మీ కరెంటు బిల్లు ఈ రెండు నెలలు చూశారా? కారిపోయే కరెంటు కూడా మీటర్లోంచే పోతుంది. 6 ఆంపియర్లు రోజుకు రెండు గంటలు కారితే నెలకు 80 యూనిట్ల పైమాటే.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి. "ఎర్త్ బాగాలేదు కదా, బోర్డులో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేస్తే ఎంసీబీ పడుతుంది" అనే తెలివైనవాళ్లుంటారు. పడుతుంది, నిజమే. కానీ ఏదో ఒక గాలివానకు స్తంభం దగ్గర మీ న్యూట్రల్ వైరు తెగిందంటే, ఇంట్లో వేసి ఉన్న ప్రతి బల్బూ ఫ్యానూ మీదుగా ఫేజు వచ్చి ఆ న్యూట్రల్ మీద, దాంతో పాటు మీ ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బోరు పైపు అన్నిటి మీదా కూర్చుంటుంది. దీని తమ్ముడే న్యూట్రల్ పోయినప్పుడు ఎర్త్ గుంత మీద బల్బులు వెలిగించుకునే అలవాటు. ఆ గుంత పక్కన ఎవరు తడికాళ్లతో నడుస్తారో తెలియదు.

ఎనుము సంగతి అడిగారు. మీ ఉత్తరంలో అది చివరి వాక్యమే అయినా, సంగతి మొత్తం ఒకటే. మనం ఇంతసేపు తిరుగుదారి అని చెప్పుకున్న ఆ ట్రాన్స్‌ఫార్మర్ గుంత దగ్గరే అది చచ్చిపోయింది. నేలలోకి కరెంటు దిగే చోట ఆ నేల వోల్టేజీ లేస్తుంది. ఉదాహరణకు పైన ఇన్సులేటర్ పగిలి 11 కేవీ వైపు నుంచి 20 ఆంపియర్లు 10 ఓమ్‌ల గుంతలోకి దిగాయనుకోండి, గుంత దగ్గర నేల 200 వోల్టులకు లేస్తుంది. దూరం పోయేకొద్దీ తగ్గుతుంది, మొదటి రెండు మూడు మీటర్లలోనే చాలావరకు పడిపోతుంది. గుంత వైపు ముందుకాళ్లు, ఇవతల వెనుకకాళ్లు పెట్టి నిలబడిన ఎనుముకు ఆ రెంటి మధ్య దూరం మీటరున్నర. అంత దూరంలో నేల వోల్టేజీలో ఉన్న తేడా అంతా దాని ఒంటి మీద పడుతుంది. మనిషి అడుగు అందులో సగం కూడా ఉండదు, పైగా కాళ్లకు చెప్పులు. అంతకంటే ముఖ్యం, మనిషికి ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోయే కరెంటు చాలావరకు నడుము కిందే పోతుంది. ఎనుముకు ముందుకాళ్ల నుంచి వెనుకకాళ్లకు పోయేది గుండె మీదుగానే. అందుకే అది పడిపోయింది, మనుషులు తిమ్మిరి కూడా తెలియకుండా నడిచి పోయారు. వానాకాలం ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర, స్తంభం స్టే వైరుకు పశువుల్ని కట్టవద్దని మీ పక్కింటివాళ్లకు చెప్పండి. పచ్చగడ్డి అక్కడే బాగా పెరుగుతుంది, అదే వచ్చిన చిక్కు.

మీ మోటారుకు కూడా దీనితో చుట్టరికం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ గుంత 5 ఓమ్‌లు ఉన్నంతకాలం మీ 6 ఆంపియర్లు ఊరి న్యూట్రల్‌ను 30 వోల్టులే లేపుతాయి. ఆ గుంత కూడా ఎండిపోయి 33 ఓమ్‌లకు చేరితే? అప్పుడు 230 చెరిసగం. మీ బోరు పైపు మీద 115, ఊళ్లో అందరి న్యూట్రల్ మీద 115. న్యూట్రల్‌ను విడివిడిగా రెండు చోట్ల ఎర్త్ చేయాలని 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోనే రాసి పెట్టింది ఇలాంటివాటి కోసమే. మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎర్త్ పట్టీలు రెండూ నేలలోకి దిగుతున్నాయా, ఒకటి తెగి గాల్లో వేలాడుతోందా అని దూరం నుంచే చూడండి. తెగి ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి 11 కేవీ వైరు తెగి ఎండిన వాగు ఇసుకలో పడింది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ కదల్లేదు. ఎర్త్ ఫాల్ట్ రిలే 40 ఆంపియర్లకు సెట్ చేసి ఉంది, ఎండిన ఇసుక అందులో సగం కూడా పోనివ్వలేదు. ఫోన్ వచ్చాక చేత్తో ఆపారు. తెల్లారి వెళ్లి చూస్తే వైరు పడిన చోట ఇసుక కరిగి, గాజులా నల్లగా గడ్డకట్టి ఉంది. అంతసేపు అది మండుతూనే ఉందన్నమాట, రిలేకు మాత్రం అంతా మామూలే. అందుకని తెగి పడిన వైరు కనిపిస్తే కరెంటు పోయి ఉంటుందిలే అనుకోకండి. కనీసం 10 మీటర్ల అవతల ఉండాలి. ఇప్పటికే దగ్గరకు పోయి ఉంటే పెద్ద అంగలు వేయకుండా, రెండు పాదాలూ ఆనించి నేల మీద జరుపుకుంటూ వెనక్కి రావాలి. ఎనుముకు జరిగినది గుర్తుంటే ఎందుకో తెలుస్తుంది.

చివరగా ఎలక్ట్రీషియన్ గురించి. అతనితో గొడవ పెట్టుకోకండి, రేపు బోరు లాగడానికి మళ్లీ అతనే రావాలి. అతని దగ్గర మెగ్గర్ ఉండకపోవచ్చు. మండల కేంద్రంలో మోటారు వైండింగ్ షాపు ఏదైనా ఉంటే అక్కడ తప్పకుండా ఉంటుంది, పూట అద్దెకు ఇస్తారు, లేదా మనిషిని పంపిస్తారు. బోరు లాగే రోజు మీ అబ్బాయికి సెలవు ఉండేలా చూడండి. జాయింటు విప్పి చూసేటప్పుడు వాడు పక్కన ఉండాలి. ఇంకొకటి, ఆర్‌సీసీబీ మీద "టి" అని చిన్న బటన్ ఉంటుంది. పెట్టిన రోజు దాన్ని నొక్కి పడుతుందో లేదో చూడండి. నెలకోసారి, కరెంటు బిల్లు వచ్చిన రోజు గుర్తు పెట్టుకుని మళ్లీ నొక్కండి. నొక్కినా పడకపోతే ఆ పూటే మార్పించండి.